కాఫీలో ఆలివ్ నూనె: రుచిది ఒక లెక్క, ఆరోగ్యానిది ఇంకో లెక్క, కడుపుది వేరే లెక్క

2023 ఫిబ్రవరిలో స్టార్‌బక్స్ సంస్థ తన కాఫీ దుకాణాల కోసం ఇటలీలోని మిలాన్‌లో ఒక కొత్త కాఫీని బయటపెట్టింది. పేరు ఒలియాటో. పాలు, చక్కెర, చాక్లెట్, కారమెల్ అన్నీ కాఫీలో ఎప్పుడో పడిపోయాయి కాబట్టి ఈసారి ఏకంగా ఆలివ్ నూనె పోశారు. కప్పుకు ఓ పెద్ద చెంచా లెక్క. విన్నవాళ్లలో కొందరు ముఖం చిట్లించారు, కొందరు ఇదేదో గొప్ప ఆరోగ్య రహస్యం అనుకున్నారు. ఆ ఏడాది మార్చిలో అమెరికాలోని కొన్ని నగరాలకు, 2024 జనవరి చివర్లో అమెరికా, కెనడాల్లో అంతటికీ ఆ కాఫీ పాకింది. 2024 నవంబర్ వచ్చేసరికి ఆ రెండు దేశాల్లోనూ మెనూ నుంచి మాయమైపోయింది.

వచ్చినదీ పోయినదీ ఒక్క కంపెనీ సరుకే అయినా, అది లేపిన ప్రశ్నలు మాత్రం పోలేదు. కాఫీలో ఆలివ్ నూనె వేసుకుంటే గుండెకు మంచిదా? బరువు తగ్గుతారా? కెఫీన్ మెల్లగా ఎక్కుతుందా? తాగిన పావుగంటకే బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తుందన్నది నిజమేనా? వీటన్నింటినీ ఒకే గాటన కట్టేసి "మంచిదా, చెడ్డదా" అని అడగడంలోనే చిక్కంతా ఉంది. రుచి, ఆరోగ్యం, జీర్ణం మూడూ వేర్వేరు విషయాలు. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికిరాదు.

ముందు ఈ ఆలోచన ఎక్కడిదో చూద్దాం. అప్పటి స్టార్‌బక్స్ అధిపతి హోవార్డ్ షుల్ట్జ్ 2022 వేసవిలో ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపానికి వెళ్లాడు. అక్కడ ఆలివ్ నూనె వ్యాపారి తొమ్మాసో అసారో రోజూ ఒక చెంచా ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే మేలురకం ఆలివ్ నూనె తాగుతాడని తెలిసింది. షుల్ట్జ్ తానూ మొదలుపెట్టాడు. పొద్దున్నే నూనె ఒక చెంచా, దాని తర్వాత కాఫీ. రెండూ విడివిడిగా ఎందుకు, కలిపేస్తే పోలా అనిపించింది. అదీ కథ. వాడిన నూనె పార్తన్నా అనే బ్రాండుది, సిసిలీలో పండే కాస్టెల్‌వెత్రానో ఆలివ్‌ల నుంచి తీసింది. గమనించాల్సింది ఏమిటంటే, ఇటలీలో ఆలివ్ నూనె లేని వంటిల్లు ఉండదు, ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ ఎస్ప్రెసో లేని వీధి ఉండదు. అయినా ఆ రెంటినీ ఒకే కప్పులో కలిపే అలవాటు మాత్రం ఆ దేశానిది కాదు. ప్రకటనల్లో మధ్యధరా సంప్రదాయం అన్న వాసన ఎంత వచ్చినా, ఇది ఒక వ్యాపారి బుర్రలో పుట్టిన కలయికే.

అలాగని కాఫీకీ కొవ్వుకీ చుట్టరికం కొత్తదేమీ కాదు. కాఫీ పుట్టిల్లు ఇథియోపియాలో ఒరోమో ప్రజలు కాఫీ గింజల్ని వెన్నతో కలిపి తినే ఆనవాయితీ చాలా పాతది. టిబెట్‌లో టీలో వెన్న, ఉప్పు వేసి చిలుకుతారు. ఆ టీ చూసే తనకు ఆలోచన వచ్చిందని చెప్పుకున్న అమెరికన్ డేవ్ ఆస్‌ప్రే 2009లో కాఫీ, వెన్న, కొబ్బరి నుంచి తీసిన ఎంసీటీ నూనె కలిపి 'బుల్లెట్‌ప్రూఫ్' కాఫీ అన్నాడు. ఆలివ్ నూనె కాఫీకి దగ్గరి పూర్వీకుడు అదే. అసలు పాలు మాత్రం ఏమిటి? అందులోనూ కొవ్వే ఉంది. కాఫీలో కొవ్వు వేయడం వింత కాదు, నూనె సీసా వంచి పోయడం చూడ్డానికి వింతగా ఉందంతే.

కప్పులో జరిగేది

వేడి డికాషన్‌లో ఒక చెంచా ఆలివ్ నూనె పోసి చూడండి. నూనె ఒక్క క్షణం లోపలికి మునిగినట్టే మునిగి పైకి తేలుతుంది. నల్లటి ద్రవం మీద బంగారు రంగు బిళ్లలు, చిన్నవి పెద్దవాటిని తాకగానే వాటిలో కలిసిపోతుంటాయి. చెంచాతో గట్టిగా తిప్పితే చిట్లి చుక్కలవుతాయి. తిప్పడం ఆపగానే మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ అంచు దగ్గర వలయం కడతాయి. ఇప్పుడు తాగితే మొదటి గుక్కలో పెదాలకు నూనె తప్ప కాఫీ తగలదు. అడుగుకొచ్చేసరికి ఉత్త డికాషన్ మిగులుతుంది. చాలామంది ఇంట్లో ఒకసారి ఇలా చేసి, యాక్ అని పక్కన పెట్టేస్తారు. వాళ్లు తాగింది కాఫీలో కలిసిన నూనె కాదు, కాఫీ మీద తేలిన నూనె.

నూనె సాంద్రత నీటికంటే కొద్దిగా తక్కువ, లీటరు నూనె సుమారు 910 నుంచి 920 గ్రాములు తూగుతుంది. అందుకే తేలుతుంది. కానీ ఎంత వేగంగా తేలుతుందన్నది చుక్క సైజును బట్టి ఉంటుంది. చుక్క అడ్డుకొలత సగమైతే పైకి వచ్చే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పదో వంతైతే వేగం నూరో వంతు. దుకాణాల్లో దొరికే హోమోజెనైజ్డ్ పాలలో మీగడ కట్టకపోవడానికి కారణం ఇదే. గట్టి ఒత్తిడితో పాలలోని కొవ్వు చుక్కల్ని మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉండేలా చిట్లగొడతారు. నూనెనూ ఆ స్థాయికి దగ్గరగా చిట్లగొడితే కాఫీ తాగి ముగించేదాకా తేలకుండా ఉంటుంది. చెంచాతో అది జరగదు. బ్లెండరో, పాలు నురగ తీసే చిన్న మోటారు గిలకో కావాలి.

చిట్లగొడితే సరిపోదు, చిట్లిన చుక్కలు మళ్లీ అతుక్కోకుండా ఏదో ఒకటి మధ్యలో నిలబడాలి. ఒక చివర నీటిని, ఇంకో చివర నూనెను పట్టుకునే పదార్థం ఆ పని చేస్తుంది. పాలలో కేసీన్ ప్రోటీన్ ఉంది, సోయాలో, గుడ్డు పచ్చసొనలో లెసిథిన్ ఉంది. ఉత్త డికాషన్‌లో ఇలాంటివి అంతంతమాత్రమే. అందుకే బ్లాక్ కాఫీలో ఆలివ్ నూనె ఎంత చిలికినా కాసేపే, పాలు కలిసిన కాఫీలో మాత్రం కుదురుకుంటుంది. స్టార్‌బక్స్ తన లాటేకి, అంటే పాలు ఎక్కువగా కలిపిన ఎస్ప్రెసోకి, ఓట్స్ గింజల నుంచి తీసే ఓట్ పాలు ఎంచుకుంది. ఓట్ పాలకు సహజంగానే కొంచెం చిక్కదనం ఉంటుంది, పైగా కాఫీ షాపుల కోసం తయారుచేసే రకాల్లో ఎలాగూ ఏదో ఒక నూనె కలిపే ఉంటుంది. నూనెను పట్టి ఉంచడం వాటికి అలవాటైన పనే అన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నూనెకు చిక్కదనం పెంచడం తెలుసు, నురగను చంపడమూ తెలుసు. పాల నురగలో గాలి బుడగల్ని నిలబెట్టేది వాటి చుట్టూ పరుచుకున్న ప్రోటీన్ పొర. విడిగా తిరిగే నూనె చుక్క ఆ పొరను తాకితే అక్కడ చిల్లు పడుతుంది, బుడగ పేలుతుంది. నూనె కలిపిన లాటే పైన నురగ మామూలుగా రాలేదని ఎవరైనా అంటే చేసినవాళ్ల పనితనం తక్కువని కాదు, నూనె సరిగ్గా చిట్లలేదని అర్థం.

ఇంకో విషయం. ఎస్ప్రెసోలో ఎవరూ నూనె పోయకముందే నూనె ఉంది. కాఫీలో రెండు ప్రధాన రకాలున్నాయి, అరబికా గింజ బరువులో దాదాపు 15 శాతం, రోబస్టాలో 10 శాతం దాకా కొవ్వు పదార్థమే. 9 బార్ల ఒత్తిడితో వేడినీటిని కాఫీ పొడి గుండా తోసినప్పుడు ఆ నూనెలో కొంత సన్నని చుక్కలుగా కప్పులోకి వస్తుంది. ఎస్ప్రెసో నాలుక మీద నిలబడటానికి అదొక కారణం. పేపర్ ఫిల్టర్ వాడితే ఆ నూనె దాదాపు మొత్తం కాగితం దగ్గరే ఆగిపోతుంది, అందుకే ఆ కాఫీ తేలిగ్గా, శుభ్రంగా తగులుతుంది. ఆ సొంత నూనెలో కాఫెస్టాల్, కావియోల్ అనే రెండు పదార్థాలుంటాయి. అవి చెడ్డ కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి. వడకట్టకుండా మరిగించే కాఫీలో, కాగితం లేకుండా జల్లెడతోనే పొడిని కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ కాఫీలో ఇవి ఎక్కువ. కొలెస్ట్రాల్ గురించే బెంగ ఉంటే పైనుంచి ఏ నూనె పోయాలన్నదానికంటే కాఫీని దేంతో వడకడుతున్నామన్నది ముందు చూసుకోవాల్సిన సంగతి. ఈ మాట ఆలివ్ నూనె కాఫీ ప్రచారంలో ఎక్కడా వినిపించదు.

నాలుక ఏమంటుంది

కాఫీ సువాసనల్లో చాలావరకు నీటికంటే కొవ్వులో ఇష్టంగా కరుగుతాయి. నూనె వాటిని పట్టుకుని మెల్లగా వదులుతుంది. అందుకే కప్పు ఎత్తగానే ముక్కుకు తగిలే వాసన తగ్గుతుంది, మింగిన తర్వాత నోట్లో మిగిలే రుచి పెరుగుతుంది. కొవ్వు నాలుకను పలచగా కప్పేయడంతో చేదు కూడా కాస్త మెత్తబడినట్టు ఉంటుంది. మీగడ వేసిన కాఫీలోనూ జరిగేది ఇదే.

కానీ మీగడకు తనదంటూ గట్టి రుచి లేదు, మంచి ఆలివ్ నూనెకు ఉంది. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఆలివ్ కాయల్ని యంత్రంతో నూరి, పిండి, రసాయనాలు వాడకుండా తీసిన నూనె. విడి ఆమ్లాలు 0.8 శాతం మించకూడదని అంతర్జాతీయ నిబంధన. అందులో పచ్చి గడ్డి వాసన, చేదు, గొంతులో గీరినట్టుండే ఘాటు ఉంటాయి. ఆ ఘాటుకు కారణం ఒలియోకాంథాల్ అనే పదార్థం. దాని వెనక చిన్న కథ ఉంది. అమెరికన్ శాస్త్రవేత్త గ్యారీ బోచాంప్ సిసిలీలో ఒక సమావేశానికి వెళ్లి తాజా ఆలివ్ నూనె రుచి చూసినప్పుడు గొంతు వెనక మంట పుట్టింది. అంతకుముందు ఆయన ద్రవరూపంలో ఉన్న ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు రుచి మీద పని చేసి ఉన్నాడు. రెండు మంటలూ ఒకేచోట, ఒకేలా ఉన్నాయి. ఆ అనుమానాన్ని పట్టుకుని వెళ్తే, ఒలియోకాంథాల్ కూడా ఐబుప్రొఫెన్ అడ్డుకునే ఎంజైములనే అడ్డుకుంటుందని తేలింది. 2005లో నేచర్ పత్రికలో ఆ సంగతి ప్రచురించారు.

ఆరోగ్య ప్రచారాల్లో ఈ పరిశోధనను తెగ లాగుతుంటారు. ఆ పత్రంలోనే ఉన్న లెక్కను మాత్రం వదిలేస్తారు. రోజుకు 50 గ్రాముల నూనె తాగితే వచ్చే ఒలియోకాంథాల్ పెద్దలకిచ్చే నొప్పి మాత్ర మోతాదులో పదో వంతుకు సమానం. మన కప్పులో పడేది పెద్ద చెంచా, అంటే 14 గ్రాములు. తలనొప్పి వస్తే కాఫీలో నూనె వేసుకుని కూర్చోవడం వల్ల లాభం లేదు.

రుచి పరంగా చూస్తే, ఘాటైన నూనెకూ చేదైన కాఫీకీ పొసగదు. చేదుకు చేదు తోడై గొంతులో దగ్గు పుడుతుంది. బాగా పండిన కాయల నుంచి తీసిన మెత్తటి నూనె, బాదం లాంటి తియ్యటి వాసన ఉన్నది, మీడియం రోస్ట్, అంటే మధ్యస్థంగా వేయించిన కాఫీతో పాలు కలిస్తే బాగానే కుదురుతుంది. రుచి మీద నా తీర్పు అడిగితే, చేయడం తెలిసినవాళ్లు చేస్తే బాగుంటుంది. రోజూ అడిగి తాగేంత బాగుండదు.

వేడి కాఫీలో పోస్తే నూనె విషమైపోతుందన్న భయం కూడా ఒకటి తిరుగుతోంది. అది ఉత్తదే. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె నుంచి పొగ రావాలంటే సుమారు 190 నుంచి 210 డిగ్రీలు కావాలి. కాఫీ నీటిలోనే ఉంటుంది కాబట్టి 100 దాటదు, కప్పులోకి వచ్చేసరికి ఇంకా చల్లారుతుంది. వేడికి పోయేది నూనెలోని పచ్చి వాసన మాత్రమే. అంటే ఖరీదైన నూనె కొని మరిగే కాఫీలో పోస్తే ఆ ఖరీదు దేనికి పెట్టారో అది ఆవిరైపోతుంది.

గుండెకు మంచిదన్నమాట ఎంతవరకు

ఆలివ్ నూనె గుండెకు మేలన్నది గాలి మాట కాదు. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ పేరుతో జరిగిన పెద్ద ప్రయోగంలో 7,447 మంది పాల్గొన్నారు. అందరూ 55 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు, గుండె జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు. వాళ్లను మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకు మధ్యధరా తరహా భోజనం. ఆ రెంటిలో ఒకదానికి ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, ఇంకోదానికి గింజపప్పులు ఇచ్చారు. మూడో గుంపుకు కొవ్వు తగ్గించమని సలహా ఇచ్చారు. దాదాపు ఐదేళ్లు గమనించాక, మొదటి రెండు గుంపుల్లో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణాలు కలిపి చూస్తే సుమారు 30 శాతం తక్కువగా తేలాయి. 2013లో వచ్చిన ఈ పత్రాన్ని, కొన్నిచోట్ల మనుషుల్ని గుంపులుగా విడదీయడంలో పొరపాట్లు బయటపడ్డాక, పరిశోధకులే 2018లో వెనక్కి తీసుకుని లెక్కలు మళ్లీ కట్టి ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే వచ్చింది, కానీ చెప్పే తీరులో ధీమా తగ్గింది.

ఇప్పుడు ఆ మనుషులు ఆ నూనెను ఏం చేశారో చూడండి. కూరగాయలు వండుకున్నారు, సలాడ్ల మీద పోసుకున్నారు, పప్పుధాన్యాలతో, చేపలతో తిన్నారు. వెన్నలాంటివి పక్కన పెట్టి ఆ స్థానంలో దీన్ని వాడారు. ఆ భోజనం మొత్తం మారింది. అందులోంచి ఒక్క నూనెను పీకేసి, తియ్యటి లాటేలో పోసి, అదే ఫలితం వస్తుందనుకోవడం నేల విడిచి సాము చేయడమే.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో, ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ఒలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కనీసం 70 శాతం ఉన్న నూనెల గురించి ఒక మాట లేబుళ్ల మీద రాసుకోవడానికి అనుమతించింది. రోజుకు 20 గ్రాములు, అంటే సుమారు ఒకటిన్నర పెద్ద చెంచాలు వాడితే గుండె జబ్బు ప్రమాదం తగ్గవచ్చు అని. దాని పక్కనే రెండు షరతులు పెట్టింది. ఆ నూనె సంతృప్త కొవ్వు ఎక్కువున్న వాటికి బదులుగా వాడాలి, రోజు మొత్తం తినే కేలరీలు పెరగకూడదు. ఆధారం కూడా తుదిమాట కాదని ఆ వాక్యంలోనే చెప్పించింది. యూరప్‌లో అనుమతించిన మాట ఇంకో తీరుగా ఉంటుంది. 20 గ్రాముల నూనెలో ఆలివ్‌లో సహజంగా ఉండే హైడ్రాక్సీటైరొసాల్, దాని బంధు పదార్థాలు కనీసం 5 మిల్లీగ్రాములుంటే, రక్తంలోని కొవ్వులు ఆక్సీకరణకు గురికాకుండా కాపాడతాయని చెప్పుకోవచ్చు. అన్ని సీసాల్లోనూ అంత ఉండదు. వెలుతురులో, గాలి తగులుతూ నెలల తరబడి ఉన్న నూనెలో అవి తగ్గిపోతూ వస్తాయి.

కాఫీ లెక్క తిరగబడేది ఎఫ్‌డీఏ పెట్టిన ఆ షరతుల దగ్గరే. పెద్ద చెంచా ఆలివ్ నూనె అంటే సుమారు 120 కేలరీలు. బ్లాక్ కాఫీ కప్పులో ఉండేవి ఐదు లోపే. పొద్దున తినేదేదీ తగ్గించకుండా రోజూ ఈ చెంచా చేర్చుకుంటే నెలకు 3,600 కేలరీలు అదనంగా పడతాయి. అవి మంచి కొవ్వు నుంచి వచ్చాయా, చెడ్డ కొవ్వు నుంచి వచ్చాయా అని బరువు చూసే మిషను అడగదు. అదే, ఇప్పటిదాకా కాఫీలో వెన్న వేసుకునేవాళ్లు దాన్ని మానేసి ఆలివ్ నూనెకు మారారనుకోండి, లెక్క వేరు. పెద్ద చెంచా వెన్నలో సుమారు 7 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటే, అంతే ఆలివ్ నూనెలో 2 గ్రాములు. అప్పుడు మార్పు నిజంగా మేలువైపు జరిగినట్టే. చిక్కటి క్రీమ్, సిరప్‌లు మానేసి ఇటు వచ్చినా అంతే. కొంతమంది ఈ కాఫీ తాగి టిఫిన్ మానేస్తారు, అది ఇంకో దారి. కానీ ఆ టిఫిన్‌లో ఉన్న పీచు, ప్రోటీన్ నూనె చెంచాలో ఉండవు.

కాఫీకి కూడా తనదైన మంచిపేరు ఉంది, నూనెకూ ఉంది, రెండూ కలిస్తే ఒకటికి ఒకటి తోడై రెట్టింపవుతాయన్న వాదన బాగా అమ్ముడుపోయింది. కప్పులో కలిసినంత మాత్రాన వాటి మధ్య కొత్తగా ఏ మేలూ పుట్టదు. విడివిడిగా తీసుకుంటే ఎంతో, కలిపి తీసుకున్నా అంతే.

కెఫీన్ సంగతి కొంచెం ఆసక్తికరం. నూనె కెఫీన్‌ను పట్టుకుని మెల్లగా వదులుతుంది, అందుకే గుండెదడ రాదు, మధ్యాహ్నం దాకా హుషారుగా ఉంటుంది అంటారు. కెఫీన్ కాఫీలోని నీటిలోనే ఉండిపోతుంది, నూనె చుక్కల్లోకి ఎక్కేది చాలా తక్కువ. కాబట్టి కప్పులో పట్టుకునేదేమీ లేదు. కడుపులో మాత్రం కొవ్వు పడితే ఆహారం కిందికి దిగడం నెమ్మదిస్తుంది, దాంతో కెఫీన్ రక్తంలోకి చేరడం కొంత ఆలస్యం కావచ్చు. ఏదైనా తిని కాఫీ తాగినా జరిగేది అదే. లోపలికి వెళ్లే మొత్తం కెఫీన్ మారదు, అందులో సగం వదిలించుకోవడానికి శరీరానికి పట్టే సుమారు ఐదు గంటలూ మారవు. రాత్రి నిద్ర పట్టనివాళ్లకు నూనె వల్ల ఒరిగేదేమీ లేదు.

ఉపవాసం చేస్తూ దీన్ని తాగొచ్చా అన్నదానికి జవాబు దేనికోసం ఉపవాసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. నూనె ఇన్సులిన్‌ను పెద్దగా కదిలించదు, నిజమే. కానీ 120 కేలరీలు లోపలికి వెళ్లాక దాన్ని ఉత్త కడుపు అనలేం.

బాత్రూమ్ పరుగు

2023లో అమెరికాలో ఈ కాఫీ తాగినవాళ్లు, దుకాణాల్లో పని చేసేవాళ్లు కూడా, కడుపులో గడబిడ అని సోషల్ మీడియాలో రాయడం మొదలుపెట్టారు. నవ్వులాటగా వ్యాపించిన ఆ మాటకు శరీరధర్మంలో గట్టి కారణమే ఉంది.

ముందు కాఫీ. 1990లో గట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో 99 మందిని అడిగితే 29 శాతం మంది కాఫీ తాగితే మోషన్‌కి వెళ్లాలనిపిస్తుందన్నారు. అలాంటివాళ్లలో పెద్దపేగు చివరి భాగం కదలికలు కొలిస్తే, తాగిన నాలుగు నిమిషాల్లోనే పెరిగాయి. కెఫీన్ తీసేసిన డీకాఫ్ కాఫీకీ పెరిగాయి, వేడి నీళ్లకు పెరగలేదు. అంటే ఇది కెఫీన్ ఒక్కదాని పని కాదు. నాలుగు నిమిషాల్లో కాఫీ పెద్దపేగు దాకా ప్రయాణించదు కాబట్టి, కడుపు నుంచి నరాలో హార్మోన్లో కబురు పంపుతున్నట్టు లెక్క.

తర్వాత నూనె. కొవ్వు చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడి కణాలు సీసీకే అనే హార్మోన్‌ను వదులుతాయి. అది పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని పంపిస్తుంది. భోజనం పడిందని తెలియగానే పెద్దపేగు చోటు ఖాళీ చేయడానికి కదలడం కూడా శరీరంలో ఉన్న ఏర్పాటే, కొవ్వు ఎక్కువున్న భోజనానికి అది ఇంకా గట్టిగా కదులుతుంది. ఆలివ్ నూనెను మలబద్ధకానికి తేలికపాటి మందుగా వాడటం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు ఈ రెంటినీ ఒకే కప్పులో, పొద్దున్నే, పరగడుపున పోయండి. పెద్దపేగు మామూలుగానే నిద్ర లేవగానే చురుగ్గా ఉంటుంది. మూడు వైపుల నుంచి ఒకేసారి తరిమినట్టు అవుతుంది. నూనె విడిగా రొట్టెతో తిన్నా, కాఫీ విడిగా తాగినా ఏమీ కానివాళ్లకు ఈ కలయికతో ఇబ్బంది రావడంలో ఆశ్చర్యం లేదు.

అందరికీ రాదు కూడా. పైన చెప్పిన పరిశోధనలోనే మూడింట రెండొంతులకు పైగా మందికి కాఫీతో ఏమీ అనిపించలేదు. మోతాదూ ముఖ్యమే. చిన్న చెంచాతో, ఏదైనా తిన్నాక తాగితే చాలామందికి తేడా తెలియకపోవచ్చు. మలబద్ధకం ఉన్నవాళ్లు దీన్ని వరంగా భావించినా తప్పు పట్టలేం. జాగ్రత్తపడాల్సింది పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు. కొవ్వు పడగానే పిత్తాశయం ముడుచుకుంటుందని చెప్పుకున్నాం కదా, రాయి అడ్డం పడితే ఆ నొప్పి భరించడం కష్టం. గుండెల్లో మంట తరచుగా వచ్చేవాళ్లకు, ఐబీఎస్ అనే పేగుల ఇబ్బంది ఉన్నవాళ్లకు కూడా పరగడుపున ఈ కప్పు మంచి ఆలోచన కాదు.

ఈ కడుపు గోల వల్లే స్టార్‌బక్స్ దీన్ని ఎత్తేసిందని చాలామంది అనుకుంటారు. కంపెనీ చెప్పిన కారణం అది కాదు. 2024 సెప్టెంబర్‌లో పగ్గాలు పట్టిన బ్రయాన్ నికోల్, అమ్మకాలు తగ్గుతున్న సమయంలో, చాంతాడంత పెరిగిపోయిన మెనూను కుదించే పని పెట్టుకున్నాడు. ఆ కోతలో ఒలియాటో పోయింది. ఇటలీ, జపాన్, చైనాల్లో దాన్ని ఉంచుతామని అప్పట్లో చెప్పారు. బాగా అమ్ముడుపోయే సరుకునైతే ఎవరూ మెనూ నుంచి కోసేయరు, అది వేరే సంగతి.

చేసుకుని చూడాలనుకుంటే

ఎక్స్‌ట్రా వర్జిన్‌లోనే మెత్తటి రకం, ఈ మధ్య తెరిచిన సీసా తీసుకోండి. పెద్ద చెంచా జోలికి పోకుండా చిన్న చెంచాతో మొదలుపెట్టండి, అది 40 కేలరీలు. పాలు వేడిచేసి, నూనెను ముందు పాలలో వేసి అర నిమిషం పాటు చిలికి, ఆ తర్వాత డికాషన్ పోయండి. డికాషన్‌లో నేరుగా నూనె పోస్తే మళ్లీ ఆ బంగారు బిళ్లలే. కప్పు మీద నూనె వలయం కనిపించకుండా, రంగు ఒకే తీరుగా లేత గోధుమ రంగులోకి మారితే కుదిరినట్టు. టిఫిన్ తర్వాత తాగండి, మొదటిసారి బయటికి వెళ్లే పని లేని రోజున తాగండి.

బ్లెండర్ వాడితే మూత విషయంలో జాగ్రత్త. వేడి ద్రవాన్ని మూసిన జార్‌లో తిప్పితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులు, ముఖం కాలతాయి. జార్ సగం కంటే నింపకండి, మూతలోని చిన్న బిరడా తీసేసి పైన మందపాటి గుడ్డ కప్పి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి.

మిగిలింది కదా అని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆలివ్ నూనె ఆ చలికి మబ్బుగా మారి రవ్వలా గడ్డకడుతుంది. ఐసు వేసిన కాఫీలో కూడా ఆ తిప్పలే, సరిగ్గా చిట్లని నూనె మైనంలా పెదాలకు అంటుకుంటుంది. చల్లగానే కావాలంటే నూనెను గోరువెచ్చని పాలలో బాగా చిలికి, ఐసు చివర్లో వేసుకుని అప్పటికప్పుడే తాగేయాలి.